“తెలిసి తెలిసి అంటించాడు”: హెచ్‌ఐవీ కేసులో ఏ మాటకు ఎంత రుజువు కావాలి

“తెలిసి తెలిసి అంటించాడు.” హెచ్‌ఐవీ విషయంలో భాగస్వామి మీద పెట్టే ఫిర్యాదు ఎన్ని పేజీలున్నా దాని సారం ఈ మూడు మాటలే. ఆ మాటల వెనక ఉన్న కోపం న్యాయమైనది. నమ్మి పక్కన పడుకున్న మనిషి వల్లే జీవితాంతం మందు మింగాల్సి వచ్చిందని తెలిసిన రోజు ఎవరి లోకమైనా తలకిందులవుతుంది. అలా చేసినవాడికి శిక్ష పడాలా వద్దా అని అడిగితే, పడాలనే ఎవరైనా అంటారు.

అయితే ఆ మూడు మాటల్లో ప్రతి ఒక్కదానికీ విడిగా రుజువు కావాలి. మొదటి ‘తెలిసి’ అంటే తనకు హెచ్‌ఐవీ ఉందన్న సంగతి అతనికి తెలుసని. రెండోసారి ‘తెలిసి’ అన్నామంటే, సోకాలన్న ఉద్దేశంతోనే చేశాడని. ‘అంటించాడు’ అంటే ఆమె ఒంట్లో ఉన్న వైరస్ అతని నుంచే వచ్చిందని. మూడూ నిలబడిన చోట నేరం ఉంది, శిక్ష కూడా ఉండాలి. కానీ వీటిలో ఒకటో రెండో లేకపోయినా జైలుకు పంపే చట్టాలు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉన్నాయి. ఆ చట్టాలు పట్టుకోవాల్సిన వాళ్లను వదిలేసి పట్టుకోకూడని వాళ్లను పట్టుకుంటున్నాయి, పైగా వైరస్‌ను ఆపడం లేదు. నా వాదన అదే.

‘అంటించడం నేరమా’ అని మాట్లాడుకునేటప్పుడు అందరి మనసులోనూ ఒక దుర్మార్గుడి రూపం ఉంటుంది. చట్టాల పుస్తకాలు తెరిస్తే మాత్రం కనబడేది ఒక నేరం కాదు, నాలుగు. కావాలని అంటించడం ఒకటి. సోకవచ్చని తెలిసి కూడా లెక్కచేయకపోవడం రెండోది. సోకకపోయినా, సోకే ప్రమాదంలోకి నెట్టడం మూడోది. ప్రమాదం ఉన్నా లేకున్నా, కలవబోయే ముందు ‘నాకు హెచ్‌ఐవీ ఉంది’ అని చెప్పకపోవడం నాలుగోది. చర్చ మొదటి దాని చుట్టూ తిరుగుతుంది. జైళ్లలోకి మనుషులను నెట్టినవి ఎక్కువగా మిగతా మూడు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2008లో జరిగిన ఒక కేసు చూడండి. పాజిటివ్‌గా ఉన్న ఒకతను ఒకే ఒక్కసారి ఒకరితో కలిశాడు. కండోమ్ వాడాడు. క్రమం తప్పకుండా మందులు తీసుకుంటున్నాడు, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంది. అవతలి వ్యక్తికి సోకలేదు. ముందుగా చెప్పలేదన్న కారణంతో 25 ఏళ్ల జైలు శిక్ష వేశారు. తర్వాత శిక్షను సడలించి బయటికి పంపినా లైంగిక నేరస్థుల జాబితాలో పేరు ఎక్కించారు. 2014లో గానీ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేయలేదు. అదే 2008లో టెక్సస్‌లో, పాజిటివ్‌గా ఉన్న మరో వ్యక్తి పోలీసు మీద ఉమ్మినందుకు 35 ఏళ్లు వేశారు. ఉమ్మిని ప్రాణాంతక ఆయుధంగా లెక్కగట్టారు. ఉమ్మితో హెచ్‌ఐవీ సోకదు. కెనడాలో అయితే చెప్పకపోవడాన్ని తీవ్రమైన లైంగిక దాడి కింద చూస్తారు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. 2012లో అక్కడి సుప్రీంకోర్టు ఒక మినహాయింపు ఇచ్చింది: వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, తక్కువగా ఉండాలి, దాంతోపాటు కండోమ్ కూడా వాడి ఉండాలి. రెండింటిలో ఒక్కటే ఉంటే చాలదన్నారు.

ఈ చట్టాల్లో చాలా వాటికి మూలం భయం. ఆ భయానికి అప్పట్లో కారణం లేకపోలేదు. పాజిటివ్ అని తేలడమంటే కొన్నేళ్లలో చావు అన్న రోజులవి. మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స 1996 ప్రాంతంలో గానీ నిలదొక్కుకోలేదు. 1990లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం హెచ్‌ఐవీ వైద్యానికి నిధులిచ్చే చట్టం తెస్తూ, అంటించేవారిని శిక్షించడానికి తగిన చట్టాలు ఉన్నాయని రాష్ట్రాలు చూపించాలని షరతు పెట్టింది. 2000లో ఆ షరతును తీసేశారు. షరతు పోయినా అప్పటికే రాసిన చట్టాలు పోలేదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో 2004లో చాద్ రాజధాని ఎన్‌జమేనాలో తయారైన ఒక నమూనా చట్టం దేశం నుంచి దేశానికి పాకింది. వైద్యం ఎంతో దూరం వెళ్లిపోయింది, సెక్షన్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

అంటించాడు

మూడు మాటల్లోకీ ఇదే తేలికగా రుజువవుతుందని చాలామంది అనుకుంటారు. ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది, ఇద్దరూ కలిసి ఉన్నారు, ఇంకేం కావాలి?

ముందు సోకే అవకాశం ఎంతో చూద్దాం. మందులు వాడని పాజిటివ్ పురుషుడితో కండోమ్ లేకుండా యోని సంభోగం జరిగితే స్త్రీకి సోకే అవకాశం సగటున 10,000 సార్లకు 8. స్త్రీ నుంచి పురుషుడికి 4. మల సంభోగంలో స్వీకరించే వ్యక్తికి 138. ఇవి సగటులే. సుఖవ్యాధులు, జననాంగాల మీద పుండ్లు ఉంటే ఈ అంకెలు పెరుగుతాయి. హెచ్‌ఐవీ కొత్తగా సోకిన తొలి వారాల్లో మిల్లీలీటరు రక్తంలో వైరస్ పది లక్షల కాపీలు దాటవచ్చు, అప్పుడు ఇంకా పెరుగుతాయి. 10,000కు 8 చొప్పున లెక్క వేస్తే 200 సార్లు కలిసినా సోకే అవకాశం సుమారు 15 శాతం. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరి భార్యకు మొదటి నెలలోనే సోకవచ్చు, ఇంకొకరి భార్యకు ఏళ్లు గడిచినా సోకకపోవచ్చు. సోకితేనే నేరమంటే శిక్ష ఎవరికి పడాలో అదృష్టం తేలుస్తుంది. సోకకపోయినా నేరమే అంటే అసలు ప్రమాదమే లేనివాళ్లు కూడా వలలో పడతారు. చట్టం రాసేవాళ్లను ఈ ఇరకాటం వదలదు.

ఇక మందుల సంగతి. ఇప్పుడు ఎక్కువ దేశాల్లో మొదట ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపినది. మానకుండా వేసుకుంటే చాలామందిలో ఆరు నెలల లోపే వైరస్ పరీక్షకు అందనంతగా పడిపోతుంది. అలా పడిపోయినవాళ్ల నుంచి లైంగికంగా సోకుతుందా? 1,763 జంటలతో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం 2011లోనే, త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని చూపించింది. పార్ట్‌నర్ అధ్యయనం 2016లో సుమారు 58,000 సార్లు కండోమ్ లేకుండా కలిసిన లెక్క తీస్తే భాగస్వామి నుంచి సోకిన సందర్భం సున్నా. 2019లో రెండో విడతలో పురుష జంటల మధ్య సుమారు 76,000 సార్ల లెక్క తీశారు, మళ్లీ సున్నా. వైరస్ పరీక్షకు అందని స్థాయిలో ఉంటే లైంగికంగా సోకే ప్రమాదం సున్నా అనీ, 1,000 కాపీలు లేదా అంతకు తక్కువ ఉంటే దాదాపు లేనట్టేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

రెండో విడత పార్ట్‌నర్ అధ్యయనంలో ఒక సంగతి ఉంది. దాని మీద కాసేపు ఆగాలి. అందులో నెగెటివ్‌గా చేరినవాళ్లలో 15 మందికి కొత్తగా హెచ్‌ఐవీ సోకింది. వాళ్లందరి భాగస్వాములూ పాజిటివ్‌లే. వైరస్‌ల జన్యుక్రమాన్ని పోల్చి చూస్తే 15 మందిలో ఒక్కరికి కూడా తమ భాగస్వామి నుంచి సోకలేదని తేలింది. అందరికీ బయటి నుంచే వచ్చింది. ఆ 15 మందిలో ఎవరైనా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఉంటే నిందితుడు ఎవరయ్యేవాడు? పాజిటివ్ అని ముందే తెలిసిన మనిషి, మందులు సరిగ్గా వేసుకుంటున్న మనిషి.

ఒక వైరల్ లోడ్ రిపోర్టును చేతిలోకి తీసుకుని చూద్దాం. పైన శాంపిల్ తీసిన తేదీ, రిపోర్ట్ ఇచ్చిన తేదీ. ఈ రెండూ వేరు, కేసులో లెక్కకు వచ్చేది మొదటిది. కింద ఫలితం ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని గానీ, ‘20 కాపీల కంటే తక్కువ’ అని గానీ, ఒక అంకె గానీ ఉంటుంది. ‘20 కంటే తక్కువ’ అన్నది చూసి, ఇంకా వైరస్ ఉందిగా అని దర్యాప్తు అధికారి రాసుకునే అవకాశం ఎక్కువ. సోకే ప్రమాదం లెక్కలో ఆ రెండు ఫలితాలకూ తేడా లేదు. మధ్యలో ఒకసారి 80, 120 అని వచ్చి మళ్లీ పడిపోతే దాన్ని తాత్కాలికమైన పెరుగుదలగా చూస్తారు, 200 దాటనంతవరకు లైంగికంగా సోకే ప్రమాదం లేదు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఫైల్లో యాంటీబాడీ (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారు చేసుకునే పదార్థం) పరీక్ష కాగితం ఒక్కటే పెట్టి, ‘పాజిటివ్’ అన్న ముక్కను ‘అంటించగలడు’ అన్నట్టు చదవడం. యాంటీబాడీ పరీక్ష జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. వైరస్ ఎంత ఉందో అది చెప్పదు.

చిక్కు తేదీల్లో ఉంది. వైరల్ లోడ్ పరీక్ష చికిత్స స్థిరపడ్డాక సాధారణంగా ఏడాదికోసారే చేస్తారు. జనవరిలో 20 కంటే తక్కువ, మరుసటి జనవరిలో 40,000. కలిసింది జూన్‌లో. జూన్‌లో ఎంత ఉంది? మందు ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది, కాబట్టి ఎప్పుడు ఆపాడో తెలియాలి. దానికి మందులు తీసుకెళ్లిన తేదీల రిజిస్టరు చూడాలి, ఎన్ని మాత్రలు ఇచ్చారో, ఎన్ని మిగిలాయో చూడాలి. అదంతా చూశాక కూడా మాత్రలు తీసుకెళ్లినట్టు తెలుస్తుంది గానీ, మింగినట్టు తెలియదు.

ఇన్ని దాటాక మిగిలేది అసలు ప్రశ్న: ఎవరి నుంచి ఎవరికి? దీనికి వైరస్ వంశవృక్షం తీస్తారు. హెచ్‌ఐవీ చాలా వేగంగా మారుతుంది, ఒకే మనిషి ఒంట్లో కూడా రకరకాల రూపాల గుంపుగా ఉంటుంది. ఇద్దరి శాంపిళ్లలో వైరస్ జన్యువులో ఒక ముక్కను, ఎక్కువగా మందులకు లొంగుతుందో లేదో చూడ్డానికి చదివే పోల్ జన్యువునే, చదివి పోలుస్తారు. అదే ప్రాంతంలో, అదే రకం వైరస్ ఉన్న వేరే మనుషుల శాంపిళ్లను కూడా పక్కన పెట్టి చూడాలి. అవి పెట్టకపోతే ఆ ఊళ్లో అందరిలోనూ తిరిగే వైరస్ పోలికనే ఈ ఇద్దరి మధ్య చుట్టరికంగా పొరబడతారు.

పోలిక దగ్గరగా ఉందనుకోండి. అతని నుంచి ఆమెకు వచ్చి ఉండొచ్చు. ఆమె నుంచి అతనికి వచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ ఒకే మూడో మనిషి నుంచి వచ్చి ఉండొచ్చు. అతని నుంచి మూడో మనిషికి, అక్కడి నుంచి ఆమెకు వచ్చి ఉండొచ్చు. ఈ నాలుగింట్లోనూ వంశవృక్షం ఒకేలా కనబడగలదు. అందుకే నిజాయితీ ఉన్న ప్రయోగశాల రాసే మాట ‘ఆరోపణకు విరుద్ధంగా లేదు’ అన్నదే. ఆ మాట కోర్టు గదిలోకి వచ్చేసరికి ‘డీఎన్‌ఏ సరిపోయింది’ అయిపోతుంది. నేరస్థలంలో దొరికిన రక్తపు మరకకూ నిందితుడి డీఎన్‌ఏకూ కుదిరే పోలిక లాంటిది కాదు ఇది. గుంపులోని ఒక్కో రూపాన్నీ లోతుగా చదివే కొత్త పద్ధతులు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వచ్చిందో కొంతవరకు అంచనా వేయగలవు. జనాభా స్థాయిలో అది ఉపయోగపడే అంచనాయే, ఒక మనిషిని జైలుకు పంపడానికి మాత్రం చాలదు. సీడీ4 లెక్క, అంటే హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల సంఖ్య, చూసి ఎవరికి ముందు సోకిందో చెప్పేస్తామనేవాళ్లు కూడా ఉంటారు. సీడీ4 పడిపోయే వేగం మనిషి మనిషికీ మారుతుంది. 250 ఉన్నవాళ్లకు 600 ఉన్నవాళ్ల కంటే ముందే సోకిందని రాసేయడం తప్పు.

ఈ శాస్త్రం నిర్దోషి అని తేల్చడంలో బలమైనది, దోషి అని తేల్చడంలో బలహీనమైనది. లిబియాలోని బెంఘాజీలో ఒక ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకితే, ఐదుగురు బల్గేరియా నర్సులు, ఒక పాలస్తీనా వైద్యుడు కావాలని ఎక్కించారని మరణశిక్ష వేశారు. 2006 డిసెంబరులో బయటికొచ్చిన జన్యు విశ్లేషణ, ఆ వైరస్ వాళ్లు 1998లో అక్కడికి రాకముందే ఆ ఆసుపత్రిలో తిరుగుతోందని చూపించింది. ఆ నెలలోనే మరణశిక్షను మళ్లీ ఖాయం చేశారు. 2007 జులైలో గానీ వాళ్లు విడుదల కాలేదు. శాస్త్రం అంత స్పష్టంగా మాట్లాడిన చోట కూడా కోపానిదే పైచేయి అయింది. పడకగదిలో జరిగిన సంగతిలో శాస్త్రం అంత స్పష్టంగా మాట్లాడదు.

తెలిసి

ప్రపంచంలో సుమారు 4 కోట్ల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. అందులో 50 లక్షలకు పైగా మందికి తమకు ఉన్నట్టే తెలియదు. తెలియని వాళ్లు మందులు వాడరు, కాబట్టి వైరస్ వాళ్ల నుంచే ఎక్కువ తేలికగా వెళుతుంది. ఇక కొత్తగా సోకినవాళ్ల పరిస్థితి మరీ విచిత్రం. యాంటిజెన్ (వైరస్‌లోని ప్రోటీన్), యాంటీబాడీ రెండూ చూసే ల్యాబ్ పరీక్ష 18 నుంచి 45 రోజులకు గానీ పట్టుకోదు. వేలికొన రక్తంతో చేసే యాంటీబాడీ పరీక్షకు 90 రోజుల వరకు పట్టవచ్చు. ఆ వ్యవధిలో వైరల్ లోడ్ శిఖరం మీద ఉంటుంది. అంటే ఎక్కువ ప్రమాదకరమైన దశలో ఉన్న మనిషి జేబులో నెగెటివ్ రిపోర్ట్ ఉండవచ్చు. అతను ‘నాకేం లేదు’ అని చెబితే అబద్ధం కాదు. చట్టం అతన్ని తాకదు, తాకకూడదు కూడా.

తాకేది ఎవరిని? పరీక్ష చేయించుకున్నవాళ్లను. ‘తెలిసి’ అన్న మాటకు సాక్ష్యం పాజిటివ్ రిపోర్ట్ ఒక్కటే. కాబట్టి పరీక్ష చేయించుకోవడమే మెడకు చుట్టుకుంటుంది. ఈ భయంతో ఎంతమంది పరీక్షలకు దూరంగా ఉంటారో లెక్క తేల్చడం కష్టం, ఆ వాదనను అతిగా సాగదీయడం నాకిష్టం లేదు. కానీ కౌన్సెలింగ్ గదిలో జరిగే నష్టం కళ్లెదుటే ఉంటుంది. “కొన్నిసార్లు వాడట్లేదు మేడమ్, ఆయన ఒప్పుకోవట్లేదు” అన్న ఒక్క మాట మీద కౌన్సెలర్ పని అంతా ఆధారపడి ఉంటుంది. ఆ మాట వింటేనే భర్తను ఎలా పిలిపించాలి, వైరల్ లోడ్ ఎప్పుడు చూడాలి, అతనికి సోకకుండా ముందస్తు మాత్రలు మొదలుపెట్టాలా అన్నవి తేలుతాయి. కౌన్సెలర్ రాసుకున్న ఆ పుస్తకాన్నే కోర్టు తెప్పించుకుంటుందని తెలిస్తే ఆ మాట ఇక ఎవరూ అనరు. “అంతా బాగానే ఉంది మేడమ్” అంటారు.

పైన చెప్పిన మాట అన్నది ఆమె అని గమనించండి. ఆడవాళ్ల పేరు చెప్పి తెచ్చిన ఈ చట్టాలు ఆడవాళ్ల మీదే తిరగబడే దారి ఇదే. గర్భిణులకు హెచ్‌ఐవీ పరీక్ష చేయడం దాదాపు అన్నిచోట్లా మామూలు, చేయాల్సిందే. దాంతో ఇంట్లో మొదట తెలిసేది భార్యకు. మొదట తెలిసినవాళ్లే తెచ్చినవాళ్లన్న లెక్క కుటుంబాల్లో ఎంత తొందరగా పడిపోతుందో ఈ పనిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. చెబితే తన్ని తరిమేస్తారు, చెప్పకపోతే నేరం. కండోమ్ వాడమని అడిగే చనువు లేని ఇంట్లో ఆమెకు మూడో దారి లేదు. మలావీలో 2016లో పాజిటివ్‌గా ఉన్న ఒక తల్లికి, వేరొకరి బిడ్డకు పాలిచ్చిందని జైలు శిక్ష వేశారు. బిడ్డకు సోకలేదు. మరుసటి ఏడాది హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది.

తెలిసి తెలిసి

కావాలని అంటించేవాళ్లు లేరని ఎవరైనా అంటే అది అబద్ధం. అరుదు, కానీ ఉన్నారు. ఇంగ్లండ్‌లో ఉద్దేశపూర్వకంగా అంటించినందుకు తొలి శిక్ష 2018లో పడింది, యావజ్జీవం. ఆ కేసులో సాక్ష్యాలు చూస్తే ఉద్దేశాన్ని రుజువు చేయడమంటే ఏమిటో అర్థమవుతుంది. అతను చికిత్స వద్దన్నాడు. కండోమ్‌లను పాడుచేశాడు. కలిసిన తర్వాత ఎగతాళి చేస్తూ ఫోన్‌లో సందేశాలు పంపాడు. ఒకరితో కాదు, వరసగా పలువురితో అలాగే చేశాడు. ఇక్కడ ఉద్దేశాన్ని ఎవరూ ఊహించి చెప్పాల్సిన అవసరం రాలేదు. నిందితుడి చేతలు, రాతలే చెప్పాయి. గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఈ శిక్ష పడింది హెచ్‌ఐవీ కోసం ప్రత్యేకంగా చేసిన చట్టం కింద కాదు, 1861 నాటి మామూలు దేహహాని చట్టం కింద. అంటే నిజమైన దుర్మార్గుడిని పట్టుకోవడానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదు.

అదే ఇంగ్లండ్‌లో లెక్కచేయనితనంతో అంటించడం కూడా నేరమే, గరిష్ఠంగా ఐదేళ్లు. అసలు తగువంతా ఈ మధ్య స్థలంలోనే. తనకు ఉందని తెలుసు, మందులు వాడట్లేదు, అంటించాలని లేదు, కానీ పట్టించుకోలేదు. వీళ్ల విషయంలో తొందరపడొద్దంటాను. మందులు మానేసినవాళ్లలో మానసిక కుంగుబాటు, మద్యం, ఇంట్లో మాత్రల డబ్బా కనబడకూడదన్న భయం, ఉన్న ఊరు వదిలి పనికి వెళ్లాక మందు అందకపోవడం, ఇవే మళ్లీ మళ్లీ కనబడే కారణాలు. జైల్లో ఇవి తగ్గవు, మందులు తరచూ తప్పిపోయేది కూడా అక్కడే. నా మట్టుకు గీత ఇక్కడ గీస్తాను: మందులు వాడట్లేదని తెలిసి, భాగస్వామి సూటిగా అడిగినా లేదని చెప్పి, కండోమ్ కూడా తీసేసి, ఆ కలయిక వల్లే సోకిందని అనుమానానికి తావులేకుండా తేలితే, అతని చేతలే ఉద్దేశాన్ని చెబుతున్నాయని కోర్టు అనుకోవడం తప్పు కాదు. అందులో ఏ ఒక్కటి జారినా క్రిమినల్ కోర్టు దాని చోటు కాదు. దీన్ని ఒప్పుకోని మంచివాళ్లు అటూ ఇటూ ఉన్నారు.

చెప్పలేదు

నా వాదనకు ఎదురుగా నిలబడే బలమైన మాట ఒకటుంది. “ప్రమాదం సున్నా కావచ్చు. అయినా తెలిసుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. నా ఒంటి మీద నిర్ణయం నాది. నాకు తెలియాల్సింది దాచి నా చేత ఒప్పించాడు.” ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. ఇది సోకడం గురించి కాదు, మోసపోవడం గురించి. ఆ బాధ నిజం.

దీనికి నా సమాధానం ఇది. పెళ్లయిన సంగతి దాచేవాళ్లున్నారు. హెపటైటిస్ బి ఉందని చెప్పనివాళ్లున్నారు. గర్భాశయ క్యాన్సర్‌కు దారితీసే హెచ్‌పీవీ గురించి ఎవరూ ఎవరికీ చెప్పుకోరు, చాలామందికి తమలో ఉన్నట్టే తెలియదు. వీటిలో ఏది దాచినా అవతలి వాళ్లు ‘తెలిసుంటే ఒప్పుకునేదాన్ని కాదు’ అనే అవకాశం ఉంది. ఇంతమందిని వదిలి ఒక్క హెచ్‌ఐవీ దగ్గరే జైలు తలుపు తెరుచుకుంటోందంటే అక్కడ కొలుస్తున్నది మోసాన్ని కాదు, ఆ జబ్బు పేరు మీదున్న ఏవగింపును. మాత్ర వేసుకుని ప్రమాదాన్ని సున్నాకు తెచ్చుకున్న మనిషి తన వంతు చేశాడు. అతను నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, అద్దె ఇల్లు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. చెప్పడం మంచిది, చెప్పేలా సాయం చేయడం ఇంకా మంచిది. జైలు భయంతో చెప్పించడం మాత్రం కుదిరే పని కాదు.

సాయం చేసే పద్ధతులు ఉన్నాయి కూడా. భారతదేశంలో 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇందులో ఆలోచించదగిన దారి తొక్కింది. సంగతి తెలిసిన పాజిటివ్ వ్యక్తి సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలని సెక్షన్ 10 అంటుంది. ముందుగా చెప్పడం ఆ జాగ్రత్తల్లో ఒకటి, అదొక్కటే మార్గమని అనలేదు. సెక్షన్ 9 డాక్టరుకు మెట్లు పెట్టింది: భాగస్వామికి నిజంగా గణనీయమైన ప్రమాదం ఉందని నమ్మకం కలగాలి, చెప్పమని ముందు రోగికి కౌన్సెలింగ్ ఇవ్వాలి, చెప్పడని తేలాలి, నేను చెప్పబోతున్నానని రోగికి తెలియజేయాలి, అప్పుడు భాగస్వామికి ముఖాముఖి చెప్పాలి. ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, చెబితే హింసకు గురవుతారనో వెళ్లగొడతారనో భయం ఉంటే చెప్పకూడదు. ప్రమాదకరమైన అంటువ్యాధిని వ్యాపింపజేసే పనుల మీద పాత శిక్షాస్మృతిలోని 269, 270 సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 271, 272గా కొనసాగుతున్నాయి. నిర్లక్ష్యానికి ఆరు నెలల వరకు, దురుద్దేశానికి రెండేళ్ల వరకు.

మిగతా చోట్ల కూడా కదలిక ఉంది. డెన్మార్క్ 2011లో తన చట్టాన్ని పక్కన పెట్టింది. కాలిఫోర్నియా 2018 నుంచి దీన్ని చిన్న నేరంగా మార్చి, అంటించాలన్న ఉద్దేశం రుజువు కావాలంది. ఇల్లినాయ్ 2021లో, జింబాబ్వే 2022లో తమ ప్రత్యేక సెక్షన్లను పూర్తిగా తీసేశాయి. ఈ చట్టాలున్న అమెరికా రాష్ట్రాలనూ లేని రాష్ట్రాలనూ పోల్చినప్పుడు, ఉన్నచోట కొత్త ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు కనబడలేదు. తీసేస్తే అడ్డూ అదుపూ ఉండదన్న భయానికి ఆధారం లేదు.

మోసపోయిన మనిషికి ఏం కావాలో కూడా చూడాలి. కలిసి 72 గంటలు దాటకపోతే వెంటనే నివారణ మందులు మొదలుపెట్టాలి. రెండో రోజు కంటే మొదటి రోజు మేలు, మొదటి రోజులో కూడా ఎంత తొందరైతే అంత మేలు. 28 రోజులు ఒక్క పూట కూడా మానకూడదు. మొదటి రోజే పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోవాలి, ఆ నెగెటివ్ తేదీయే తర్వాత ఏ కోర్టులోనైనా ఆధారం. 72 గంటలు దాటితే నివారణ మందులతో పనిలేదు. విండో పీరియడ్ (సోకినా పరీక్షకు ఇంకా అందని వ్యవధి) లెక్కతో పరీక్షలు, పాజిటివ్ వస్తే అదే రోజు చికిత్స. విడాకులు, భరణం, నష్టపరిహారం సివిల్ కోర్టులో అడగవచ్చు. అక్కడ రుజువు భారం తక్కువ, నింద మోసే జీవితాలూ తక్కువ. బలవంతం, హింస జరిగి ఉంటే వాటికి వేరే చట్టాలున్నాయి, హెచ్‌ఐవీ ఉన్నా లేకపోయినా అవి వర్తిస్తాయి.

ఇవన్నీ దాటి క్రిమినల్ ఫిర్యాదు వచ్చిందనుకుందాం. దర్యాప్తులో ఒక వరస పాటించాలి. నిందితుడికి కలయికకు ముందే తన సంగతి తెలుసా అన్నది మొదట తేలాలి. ఆ తేదీకి ముందూ వెనకా ఉన్న వైరల్ లోడ్ రిపోర్టులు తెప్పించి హెచ్‌ఐవీ వైద్యుడి చేత చదివించాలి. రెండు వైపులా 200 లోపు ఉండి మధ్యలో మందు ఆపిన జాడ లేకపోతే ఫైలు అక్కడే మూయాలి. ఫిర్యాదు చేసినవాళ్ల చివరి నెగెటివ్ తేదీ, ఆ తర్వాతి ఇతర సంబంధాలు గుట్టుగా అడగాలి. వంశవృక్షం ఆ తర్వాతే, అదీ స్థానిక శాంపిళ్లతో పోల్చి. ఉద్దేశానికి చేతల సాక్ష్యం ఆ తర్వాత. అరెస్టు వీటన్నిటి చివర్న. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది దీనికి తలకిందులు: ముందు అరెస్టు, ఆ సాయంత్రమే ఫొటో, ఫొటో కింద పేరు, పేరు పక్కన హెచ్‌ఐవీ. ఆరు నెలల తర్వాత రిపోర్టులు వచ్చి కేసు వీగిపోవచ్చు. అప్పటికి ఆ ఫొటో అతని పిల్లల బడిలో ఉంటుంది, అతని గురించే ఫిర్యాదు చేసిన ఆమె ఎవరో కూడా ఊరందరికీ తెలిసిపోయి ఉంటుంది.